పెద్దబజారులో ఒజిగిమారు

బరంపురం మొత్తం మీద ఒజిగిమారు ఎవరో తెలిసినవాడు ఒకే ఒక్కడు. ఆ ఒక్కడూ వెతుక్కుంటూ వచ్చి తన ఇంట్లోనే పుట్టాలా అని భీమేశ్వరరావుగారి బాధ.

ఆయన కొడుకు సాయిరామ్‌కి ఇరవై ఆరేళ్లు. పెద్దబజారులో వాళ్లది స్టీలు సామాన్ల హోల్‌సేలు దుకాణం. చుట్టుపక్కల ఊళ్లు పొలసర నుంచీ కొడల నుంచీ చిల్లర వర్తకులు వచ్చి బిందెలూ క్యారియర్లూ పట్టుకుపోతుంటారు. సాయిరామ్ బేరం ఒడియాలో మొదలుపెట్టి తెలుగులో ముగిస్తాడు, వచ్చినవాణ్ణి వట్టి చేతులతో పోనివ్వడు. వంక పెట్టడానికి ఏమీ లేని కుర్రాడు, ఆ జపాను బొమ్మల పిచ్చి ఒక్కటీ తప్ప. మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాయంటే చాలు, గంగాళాల వెనక చేరి ఫోనులో బొమ్మలు చూస్తాడు. చూసి ఊరుకోడు, కళ్లు కూడా తుడుచుకుంటాడు. మీసం వచ్చిన కొడుకు బొమ్మల్ని చూసి ఏడుస్తుంటే ఏ తండ్రి కడుపు మాత్రం చల్లగా ఉంటుంది?

పక్క దుకాణం వైకుంఠరావుగారిది. అదీ స్టీలే. ఈ ఇద్దరూ ఒక బడిలో చదువుకుని, ఒక ముహూర్తానికి కొట్లు తెరిచి, ఒక కెటిల్లోంచి టీ తాగినవాళ్లు. ఒకనాడు ఎవరో చిల్లర వర్తకుడు ఇటుమాట అటూ అటుమాట ఇటూ మోశాడు. "ఆళ్ల బిందెలు గట్టిగా సూస్తే సొట్టపడతాయట" అని ఒకరన్నారట. "ఆడు అమ్మేది పాతసామానుకి పాలిషట" అని ఇంకొకరన్నారట. ముందు ఎవరన్నారో ఇప్పుడు ఆ దేవుడికి కూడా తెలీదు. అప్పట్నుంచి మాటల్లేవు. ఎవరికి వారు, అవతలివాడు వచ్చి క్షమాపణ అడిగితే ఆలోచిద్దామని కూర్చున్నారు. ఇలా కూర్చునే ఇద్దరి జుట్టూ నెరిసిపోయింది.

ఇక ఒజిగిమారు సంగతి. అతనొక జపాను పల్లెటూరి కుర్రాడు. నీలం అంగీ, నెత్తిన సిగ, నడుముకి గంట, వీపున కాగితం లాంతరు. ఊళ్ల మీదికి రాక్షసులు వచ్చిపడుతుంటారు. ఒక్కో రాక్షసుడిది ఒక్కో కడుపుమంట. ఒకడి చెట్టు ఎవరో కొట్టేసి ఉంటారు, ఇంకొకడి వాగులో చెత్త పోసి ఉంటారు, మరొకడి పేరే జనం మరిచిపోయి ఉంటారు. ఒజిగిమారు కత్తి దూయడు. ఎదురుగా వెళ్లి, నడుము విరిగిందా అన్నట్టు వంగి, "క్షమించండి" అంటాడు. తప్పు అతనిది కాదు. చేసినవాళ్లు ఎలాగూ రారు కాబట్టి వాళ్ల తరఫున తను వంగుతాడు. అంతకుమించి ఒక్క ముక్క పలకడు. రాక్షసుడు కాసేపు గుడ్లురిమి, ఆ తరవాత భోరుమని, చివరికి తన దారిన తను పోతాడు. జపానులో ముసలీ ముతకా అంతా ఏళ్ల తరబడి అతన్నే చూస్తున్నారు. అక్కడి పిల్లల అన్నం డబ్బాల మీద కూడా అతని బొమ్మే.

ఆ దేశం గట్టు దాటితే మాత్రం అతన్ని పలకరించినవాడు లేడు. అమెరికాలో, తప్పు చెయ్యనివాడు తలెందుకు దించాలని, వంగే ముక్కలన్నీ కత్తిరించి చేతికో కత్తి ఇచ్చారు. కత్తి గీసి అతికించారు గానీ దాన్ని తిప్పడం గీయలేదు. దాంతో భాగం భాగమంతా ఆ కుర్రాడు కత్తి పట్టుకుని కూరగాయల బేరానికి వచ్చినవాడిలా నిలబడి ఉంటాడు. ఇంకో దేశంలో అతని బొమ్మలు దుకాణాలకు ముందొచ్చి, కథ టీవీలోకి ఆనక వచ్చింది. ఎవరి బొమ్మో తెలియని పిల్లలు దాని సిగ పీకి ఆడుకున్నారు. మన దగ్గరికి వచ్చేసరికి, తెలుగు చేయించినవాళ్లు హీరో క్షమాపణ అడిగితే మన జనం ఒప్పుకోరని తీర్మానించారు. గీసిన బొమ్మ వంగడం మానదు కదా, అందుకని మాట మార్చారు. "క్షమించండి" అన్నచోటల్లా "జాగ్రత్త!" అనిపించారు. కుర్రాడు నడుం వంచి, నేలచూపులు చూస్తూ "జాగ్రత్త!" అంటాడు. కొండంత రాక్షసుడు భోరున ఏడ్చి ఇంటికెళ్లిపోతాడు. చూసిన పిల్లలకి తలా తోకా దొరకలేదు. పన్నెండు భాగాలతో దుకాణం కట్టేశారు.

సాయిరామ్ ఒక్కడే పట్టు వదల్లేదు. జపాను మాటల్లోనే, కింద ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ చూసి, అసలు గుట్టు కనిపెట్టాడు. అప్పట్నుంచి హైదరాబాదులోని డబ్బింగు కంపెనీకి మెయిలు మీద మెయిలు కొట్టాడు. చివరికి సుధారాణి అనే ఆవిడ ఫోన్ చేసింది. తెలుగు మాటలు చూసే ఉద్యోగం ఆవిడది.

"సాయిరామ్ గారూ, ఒజిగిమారుకి అభిమానుల మెయిళ్లు బోలెడు వస్తున్నాయని మా పైవాళ్లకి సంతోషంగా చెప్పానండీ. తీరా పేర్లు చూస్తే అన్నీ మీవే."

"నాకింకెవరూ దొరకలేదు మేడమ్," అన్నాడు సాయిరామ్ సిగ్గుపడుతూ.

"నాకూ ఆ పిల్లాడంటే ప్రాణమే. క్షమాపణ ఉంచి మళ్లీ మొదట్నుంచీ చేద్దామని పోరుతున్నాను. మనవాళ్లకి ఎక్కదని మావాళ్లు కొట్టిపారేస్తున్నారు. మీరొక పని చెయ్యండి. మన మనుషుల ముందు ఒజిగిమారు వంగితే వాళ్ల మనసు కరిగినట్టు ఒక్క వీడియో తీసి పంపండి. ఒక్కటి చాలు. పై నెల మీటింగులో చూపించి పోట్లాడతాను. లేదంటే హక్కులు వెనక్కి ఇచ్చేస్తారు. ఇక తెలుగులో అతను ఉండడు."

ఇష్టమైనదాని గురించి సొంత భాషలో మాట్లాడుకోవడానికి ఊళ్లో ఒక్క మనిషి లేకపోవడం ఎంత ఒంటరితనమో సాయిరామ్‌కి తెలుసు. ఒజిగిమారు సరైన తెలుగు మాట్లాడితే ఎవరో ఒకరు చూస్తారు, ఎవరో ఒకరు "తరవాతేటైంది?" అని అడుగుతారు. ఆ ఒక్క ఆశా పోతుంది.

అదృష్టం బాగుండి అది ఠాకురాణీ యాత్ర ఏడాది. రెండేళ్లకోసారి అమ్మవారు గుడి వదిలి పుట్టింటికి వచ్చినప్పుడు బరంపురంలో ఎవరి మొక్కు కొద్దీ వాళ్లు వేషాలు కట్టి వీధులు తిరుగుతారు. పులులు తిరుగుతాయి, శివుళ్లు తిరుగుతారు, ఒకే సందులో నలుగురు హనుమంతులు ఎదురుపడి ఒకరినొకరు తప్పుకుని పోతారు. అంత మందిలో ఒక ఒజిగిమారు తిరిగితే అడిగేదెవరు?

అడగడానికి తల్లి కామాక్షి ఉంది.

"యాత్రలో వేషమంటే ఆటలనుకున్నావేటి? మొక్కుంటేనే కట్టాల. సరదాకి కడితే అమ్మోరు ఊరుకోదు."

"మొక్కుందమ్మా."

"ఏటి మొక్కు?"

"అది పైకి సెప్పకూడదు గదా."

కామాక్షి ముఖం చేటంత అయింది. పెళ్లీడు కుర్రాడు చెప్పకుండా దాచుకునే మొక్కు ఇంకేముంటుంది! వెంటనే ట్రంకుపెట్టె తెరిచి తన పెళ్లినాటి నీలం బరంపురం పట్టుచీర బయటికి తీసింది. మొక్కు వేషానికి సింథటిక్ పనికిరాదంది. ఆ రకంగా జపాను పల్లెటూరి కుర్రాడికి కుంభం అంచు పట్టు అంగీ అమరింది.

"పులి కట్టొచ్చు గదరా," అన్నాడు భీమేశ్వరరావు, కొడుకు నెత్తిన సిగ చూసి నీరుగారిపోతూ. "పులంటే అందరికీ తెలుసు."

"అందుకే వద్దు నాన్నా. పులికి నా అవసరం నేదు."

బయల్దేరేముందు కామాక్షి కొడుకు నుదుట బొట్టు పెట్టి ఒక్కటే మాట చెప్పింది. "సూడు, వేషం కట్టినాక నువ్వు నువ్వు కాదు. తిరిగొచ్చి తానం చేసేదాకా వేషం ధర్మం తప్పకూడదు. పులి కట్టినోడు ఎండైనా గెంతాల. నీ వాడేటి సేస్తాడో నువ్వదే సెయ్యాల. ఒక గుమ్మం ఎక్కి ఒక గుమ్మం మానకూడదు. తప్పినావంటే మొక్కు చెల్లదు."

"వాడు ప్రతి గుమ్మంలోనూ వంగి క్షమించండి అంటాడమ్మా. ఇంకేమీ మాటాడడు."

"అంతేనా? మంచోడే," అంది కామాక్షి. అందులో ఇబ్బందేముంటుందో అప్పటికి ఆవిడకీ తట్టలేదు, అతనికీ తట్టలేదు.

స్నేహితుడు ప్రేమ్ ఫోను పట్టుకుని వెంట బయల్దేరాడు. గంజాంలో కెమికల్ ఫ్యాక్టరీలో పని అతనికి, యాత్రకని సెలవు పెట్టి వచ్చాడు. ఒజిగిమారు గురించి అతనికి తెలిసిందల్లా వీడియో తియ్యాలని మాత్రమే.

వీధిలో అడుగుపెట్టగానే జనం చుట్టూ మూగారు. "ఎ కియె రే?" అన్నాడు టీ కొట్టువాడు. ఎవడురా వీడు అని అక్కడ పెద్ద చర్చే మొదలైంది. సిగ ఉంది కాబట్టి నారదుడని ఒకరు, అయితే వీణేదని ఇంకొకరు. గంట ఉంది కాబట్టి ఐసుఫ్రూటువాడి వేషమని మరొకరు. కాలేజీ కుర్రాళ్లు మాత్రం, స్టేషను రోడ్డులో కొత్తగా తెరిచిన మోమోల దుకాణం ప్రచారమని తేల్చి, ప్లేటు ఎంతని అడిగారు. ఒక ముసలమ్మ దేవుడెవరైతేనేం అని చేతులు జోడించి, అతని గుప్పిట్లో అరటిపండు పెట్టింది. పులి వేషంవాడు పక్కకి వచ్చి జాలిగా, "డప్పు పెట్టుకోలేదేటి భాయీ? డప్పు లేకపోతే ఎవుడు సూస్తాడు?" అని సలహా పడేసి పోయాడు.

సాయిరామ్ నొచ్చుకోలేదు. తెలియకపోతే ఏం, వంగితే తెలుస్తుంది అనుకున్నాడు. మొదటి గుమ్మం మిఠాయి కొట్టుది. కొట్టుగలాయన పాకం తిప్పుతున్నాడు. సాయిరామ్ ఎదురుగా నిలబడి, లాంతరు నెత్తి మీదికి జారేదాకా వంగి, "క్షమించండి" అన్నాడు.

గరిటె ఆగిపోయింది. "ఎందుకు?"

సాయిరామ్ మళ్లీ వంగాడు.

"ఏటి సేసినావ్?"

మళ్లీ వంగాడు. మిఠాయివాడి ముఖం మెల్లగా ఎర్రబడింది. "అయితే మొన్న నా బోర్డు మీద పోస్టర్లంటించింది నువ్వేనన్నమాట! పట్టుకోండర్రా!"

ప్రేమ్ చెయ్యి పట్టి లాక్కుపోకపోతే పాకం ఒంటి మీద పడేదే.

అక్కణ్ణుంచి ఏ గుమ్మం ఎక్కినా ఇదే వరస. కొడల వర్తకుడొకడు యాత్ర చూడ్డానికి వచ్చి ఎదురుపడ్డాడు. సాయిరామ్ వంగాడో లేదో, "ఓహో, కిందటి సరుకులో క్యారియర్ల మూతలు పట్టవని నీకు ముందే తెల్సన్నమాట!" అని పట్టుకున్నాడు. ఒక ఇంట్లో తల్లీ కూతురూ అరుగు మీద ఉంటే అక్కడా వంగాడు. తల్లి అతని వంక చూడనే లేదు, కూతురి వైపు తిరిగి "ఈడు నీకెలా తెల్సే?" అంది. "ఒట్టమ్మా, నాకు తెలీదు!" అని ఆ పిల్ల ఏడుపు లంకించుకుంది. నాలుగు రోడ్ల దగ్గర కానిస్టేబులు "క్షమా? కొణ కొలు?" అని, ఏం చేశాడో చెప్పకపోతే కదలనివ్వనని కూర్చోబెట్టి, కాగితం లాంతరు విప్పించి చూశాడు. లోపల చిన్న బల్బు తప్ప ఏమీ లేకపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది. చివరికి ముసలమ్మ ఇచ్చిన అరటిపండు తీసుకుని వదిలేశాడు.

మనవైపు క్షమించమన్న మాట తప్పు చేసినవాడు కూడా పట్టుబడేదాకా అనడు. ఎవడైనా నోరు తెరిచి అన్నాడంటే పట్టుబడ్డాడనే లెక్క. ఇక ఊరు ఊరంతా తన దగ్గర మూలుగుతున్న పాత నేరాలన్నీ తెచ్చి వాడి నెత్తిన పెట్టేస్తుంది. తప్పు చెయ్యకుండా తల వంచేవాడు ఉంటాడని ఊహించుకోవడానికి పాపం జనానికి అలవాటేది? అంత పెద్ద కంపెనీలవాళ్లు మీటింగులు పెట్టి తేల్చలేకపోయిన సంగతి సాయిరామ్‌కి రెండు వీధులు తిరిగేసరికి బోధపడింది.

"ఒక్కడైనా కరిగినట్టు లేదురా," అన్నాడు ప్రేమ్ వీడియోలు తిప్పి చూస్తూ. "అందరూ మరిగినట్టే ఉన్నారు."

ఈలోగా పుకారు వాళ్లకంటే ముందు నడిచి పెద్దబజారు చేరింది. భీమేశ్వరరావుగారి అబ్బాయి ఇల్లిల్లూ తిరిగి క్షమాపణలు అడుగుతున్నాడు, ఏం కొంప ముంచాడో ఏమో! ఎవరో పిల్లని లేవదీసుకుపోబోతున్నాడని కొందరు, సన్యాసం తీసుకుని అందరి దగ్గరా సెలవు పుచ్చుకుంటున్నాడని కొందరు. సన్యాసం మాట కామాక్షి చెవిన పడింది. పెళ్లి మొక్కనుకుంటే ఇలా అయిందేమిటని ఆవిడ పసుపుచేతులతోనే దుకాణానికి పరిగెత్తుకొచ్చింది.

సాయిరామ్ సొంత వీధిలోకి తిరిగి, వరసగా గుమ్మాలు ఎక్కుతూ వైకుంఠరావు దుకాణం ముందు ఆగిపోయాడు.

"ఇది మానేద్దాం," అన్నాడు ప్రేమ్. "మీ నాన్నకి తెలిస్తే నిన్నూ నన్నూ ఇద్దర్నీ సొట్టలు పెడతాడు."

ఒక గుమ్మం ఎక్కి ఒక గుమ్మం మానకూడదు. సాయిరామ్ సిగ సర్దుకుని మెట్లెక్కాడు. వైకుంఠరావు గల్లా ముందు ఒంటరిగా కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. చిన్నప్పుడు తనని ఎత్తుకుని బిళ్లలు కొనిపెట్టిన మనిషి. ఒకప్పుడు బాబాయ్ అని పిలిచినవాడి ముందు ఇన్నేళ్ల తరవాత నిలబడ్డాడు. ఈసారి వేషం కోసమని అనుకోకుండానే వంగాడు.

"క్షమించండి."

వైకుంఠరావు ఎందుకని అడగలేదు. ఏం చేశావనీ అడగలేదు. కళ్లద్దాలు తీసి పేపరు మీద పెట్టాడు.

"మీ నాన్న పంపినాడేటి?"

కాదనాలంటే నోరు తెరవాలి, ఒజిగిమారుకి ఉన్నదొక్కటే మాట. తల అడ్డంగా ఊపుదామన్నా ఆ కుర్రాడు ఎన్నడూ ఊపి ఎరగడు. తోచక మళ్లీ వంగాడు.

"ఇన్నాళ్లకి," అన్నాడు వైకుంఠరావు. కండువా కళ్లకి పెట్టుకున్నాడు. "ఆడే రాకూడదూ... నేదులే, ఆడు రానేడు. ఆడికి నడుం వంగినా మెడ వంగదు. కొడుకుని పంపినాడు. సాలు బాబూ, అదే పదివేలు."

గుమ్మం బయట ప్రేమ్ ఫోను దగ్గరగా పెట్టుకుని నవ్వాపుకోలేక గుసగుసలాడాడు. "ఎవుడూ పంపలేదురా దేవుడా! కార్టూనురా ఇది!" ఆ మాట వీడియోలో చక్కగా పడింది.

సాయిరామ్ మెట్లు దిగేసరికి పక్క మెట్ల మీద తండ్రి నిప్పులు కక్కుతూ నిలబడి ఉన్నాడు. వెనక తల్లి ముక్కు చీదుతోంది.

"ఏటి సేసినావురా? ఊరంతా ఏటంటన్నారో తెల్సా? ఆ కొట్లోకెందుకెల్లినావ్?"

ఇదొక్కటే గుమ్మం మిగిలింది. సాయిరామ్ తండ్రి కాళ్ల దాకా వంగాడు.

"క్షమించండి."

భీమేశ్వరరావు తిట్టబోయిన తిట్టు నోట్లోనే ఉండిపోయింది. కొడుకు ఎన్నడూ తనని మీరు అనలేదు. ఆ కొట్లోంచి తిన్నగా ఈ కొట్లోకి వచ్చి, వేషం కట్టుకుని మరీ, ఇంత మర్యాదగా... ఆయన గొంతు తగ్గించాడు.

"వైకుంఠం పంపినాడేటి?"

సాయిరామ్‌కి ఇక వంగడం తప్ప గత్యంతరం లేదు. వంగాడు.

"నాకు తెల్సు," అన్నాడు భీమేశ్వరరావు, స్తంభం పట్టుకుని మెట్టు మీదే చతికిలబడుతూ. "ఆడి మనసు మంచిదే. నోరే పాడునోరు."

సరిగ్గా అప్పుడే వైకుంఠరావు కూడా తన గుమ్మంలోకి వచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఓడిపోయి వచ్చినవాణ్ణి ఆదుకునే పెద్దమనిషి చూపు ఇద్దరి కళ్లలోనూ ఒక్కలాగే ఉంది.

"సర్లేరా, అయిందేదో అయింది," అన్నారిద్దరూ ఒక్కసారే.

"పెద్దమనసు నీది," అన్నాడు వైకుంఠరావు.

"నాదేటుంది, నీది గానీ," అన్నాడు భీమేశ్వరరావు.

ఈ జవాబు ఇద్దరికీ కాస్త తేడాగానే వినిపించింది. కానీ అంతలో పులుల డప్పు వీధిలోకి వచ్చిపడి ఆలోచించే అవకాశం లేకుండా చేసింది. కామాక్షి కొడుకు పట్టు అంగీ పట్టుకుని ఇటు తిప్పుకుంది. "ఇదేనేటిరా నీ మొక్కు? నేనేటో నీ పెళ్లి గురించనుకున్నాను," అని ఏడుస్తూ నవ్వింది. ఆ ముఖంలోకి చూసి కాదని చెప్పడం ఎవరి తరం? స్నానం కూడా ఇంకా కాలేదు కాబట్టి సాయిరామ్ మళ్లీ వంగి ఊరుకున్నాడు.

మర్నాడు ఉదయం వీడియో, అసలు జరిగిందేమిటో రాసిన మెయిలుతో సహా సుధారాణికి వెళ్లింది. ఆవిడ గంటలోపే ఫోన్ చేసింది.

"ఏడిపించేశారండీ! రాక్షసులు ఇద్దరూ ఒకేసారి కరగడం అసలు సిరీస్‌లో కూడా లేదు. ఇది మా పేజీలో ఈరోజే పెట్టేస్తాను. మీటింగునాటికి లక్షలమంది చూస్తారు, ఇక మావాళ్లు నోరెత్తలేరు. మొత్తం మళ్లీ చేయిస్తాను, మాటలు రాయడానికి మిమ్మల్నే కూర్చోబెడతాను."

సాయిరామ్‌కి నేల మీద కాళ్లు ఆనలేదు. అంతలో గుర్తొచ్చి, "ఆ గుసగుస ముక్క తీసేస్తారు గదా మేడమ్?" అన్నాడు.

"అయ్యో, అదే దాని ప్రాణం. ఎవరూ పంపలేదని తెలిస్తేనే ఒజిగిమారు. అది తీసేస్తే మామూలు రాజీ, ఇందులో మా పిల్లాడి గొప్పేముంది? అదీగాక ఏం జరిగిందో కింద రెండు ముక్కలు రాయాలిగా."

ఆవిడన్నది అక్షరాలా నిజం. ఆలోచించి చెబుతానని సాయిరామ్ ఫోను పెట్టేశాడు. ఆ వీడియో బయటికి వచ్చిందా, పెద్దబజారు వర్తకుల వాట్సాప్‌లోకి టీ చల్లారేలోగా వచ్చేస్తుంది. బిందెల సొట్టల మాట మోసినవాడే ఇదీ మోస్తాడు, మోసి ఇద్దరికీ చెరొకసారి వేసి చూపిస్తాడు. నువ్వు పంపలేదా అంటే నువ్వు పంపలేదా అనుకుని మళ్లీ ఇద్దరూ ఎవరి గల్లా దగ్గర వాళ్లు కూర్చుంటారు. ఈసారి కూర్చుంటే లేచేంత వయసు కూడా మిగల్లేదు.

దుకాణంలోకి తొంగిచూశాడు. వైకుంఠరావు అప్పుడే వచ్చి, బోర్లించిన గంగాళం మీద దర్జాగా కూర్చుని ఉన్నాడు. ఎవరి మోకాళ్లు ఎక్కువ నొప్పెడుతున్నాయన్న దాని మీద ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు. ఒకరి నొప్పి ఇంకొకరు ఒప్పుకోవడం లేదు. తండ్రి అంత ఉత్సాహంగా అరవడం సాయిరామ్ విని చాలా కాలమైంది.

వీధి చివరికి నడిచి సుధారాణికి ఫోన్ చేశాడు.

"వద్దు మేడమ్. పేజీలో పెట్టకండి. మీ దగ్గరున్నది కూడా చెరిపెయ్యండి."

"ఇంకేదైనా వీడియో ఉందా మరి?"

"ఉన్నాయి. అన్నిట్లోనూ నన్ను తిడుతున్నారు."

"అవి చూపిస్తే మావాళ్లు చెప్పిందే నిజమవుతుంది. ఇక తెలుగులో అతను రాడు సాయిరామ్ గారూ. మీకు తెలుసుగా?"

"తెలుసు మేడమ్."

"మీరొక్కరే చూశారు గానీ, బాగా చూశారండీ," అని ఆవిడ ఫోను పెట్టేసింది.

విషయం చెప్పగానే ప్రేమ్ కస్సుమన్నాడు, ఎండలో తిరిగి తీసిన వీడియో అని నెత్తి కొట్టుకున్నాడు, చివరికి సాయిరామ్ ముఖం చూసి తన ఫోనులోంచీ చెరిపేశాడు. సాయిరామ్‌కి ఆ మధ్యాహ్నం చాలా కష్టంగా గడిచింది. పదమూడో భాగానికి అతను తెలుగు మాటలు సొంతంగా అనుకుని కూడా పెట్టుకున్నాడు. ఇక వాటిని ఎవరి నోటా వినడు. అలాంటి కుర్రాడొకడు ఉన్నాడని కూడా తెలియకుండా ఈ ఊరి పిల్లలు పెద్దవాళ్లయిపోతారు. తను చేసింది తప్పు కాదని తెలిసినా ఏడుపు ఆగలేదు. గంగాళాల వెనక కూర్చుని, ఫోను తెరవకుండానే ఏడ్చాడు.

వైకుంఠరావు భోజనానికి వెళ్లాక భీమేశ్వరరావు అటుగా వచ్చి, కొడుకుని చూసి, మళ్లీ ఆ బొమ్మలే అనుకున్నాడు. తిట్టలేదు. పక్కనే ఉన్న బిందె మీద దుమ్ము తుడుస్తూ నిలబడ్డాడు.

"సూసినావా, ఆడు తగ్గి వచ్చినాడు. అందుకే సరిపోయినాది."

"ఊఁ," అన్నాడు సాయిరామ్ ముఖం తుడుచుకుంటూ.

"ఒక మాట సెప్తాను, ఆడికి సెప్పకు." తండ్రి గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఆడు గాని మనిషిని పంపకపోతే, ఈ యాత్రకి నేనే ఎల్లి అడిగేద్దునురా. ఎన్ని యాత్రలైనాదో ఇలా అనుకోడం. పతీసారీ ఆడి మెట్ల దాకా ఎల్లడం, తిరిగొచ్చీడం."

సాయిరామ్ తలెత్తి చూశాడు. "వెళ్లి ఏమని అడుగుదువు నాన్నా?"

"ఏటని అడుగుతారు? క్షమించరా అని." బిందె ఎత్తి వెలుతురుకి పెట్టి, లేని సొట్ట కోసం వెతికాడు. "నోటిదాకా వస్తాది గానీ, బయటికి రాదురా. ఎంత బరువుంటాదో నీకు తెలీదు."

సాయిరామ్ తండ్రి చేతిలోంచి బిందె అందుకుని, మిగతావాటి పక్కన పెట్టాడు.